మొలొకాయి విచారణ గురువు

ఇండ్లు కట్టినంతమాత్రమున ఊరు ఏర్పడదు. ఒకరి కష్టమున మఱియొకరు ఆదుకొనుట, మరణించినవానిని నలుగురు కలిసి మోసికొనిపోవుట, పండుగనాడు అందఱును ఒకచోట గుమికూడుట, ఇవి కలిగిననాడే అది ఊరనిపించుకొనును. లోకము వెలివేసిన రోగులనడుమ నివసించి, వారితో కలిసి అట్టి ఊరొకదానిని నిలిపిన పుణ్యపురుషుడు డేమియను గురువు.

ఐరోపాఖండమందలి బెల్జియము దేశమున ట్రెమెలో అను పల్లె కలదు. అచ్చట 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన డేమియను జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. తండ్రి ధాన్యవర్తకుడు. కుమారుడు దృఢకాయుడు, పనిపాటలయందు నేర్పరి. ఇతడు తన వ్యాపారమునకు అక్కఱకు వచ్చునని తండ్రి తలంచెను. కాని జోసెఫ్ మనస్సు వర్తకముమీద నిలువలేదు. అన్నగారు అప్పటికే లూవెన్ పట్టణమందలి మఠమున చేరియుండెను. 1859లో జోసెఫ్ కూడ ఆ మఠముననే ప్రవేశించి, డేమియను అను పేరు స్వీకరించెను. లాటిను భాష రానందున ఇతడు గురుపట్టమునకు తగడని పెద్దలు మొదట భావించిరి. అతడు నిరాశ చెందక, అన్నగారియొద్ద శ్రద్ధతో ఆ భాష నేర్చుకొని వారి అనుమతి పొందెను.

1863లో అన్నగారిని పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపములకు పంపుటకు మఠమువారు నిశ్చయించిరి. ప్రయాణమునకు ముందు ఆయన జ్వరపీడితుడయ్యెను. అప్పుడు డేమియను, ఆ స్థానమున తనను పంపుడని పెద్దలను వేడుకొని ఓడ యెక్కెను. మాసములతరబడి సముద్రముపై పయనించి, 1864 మార్చి 19వ తేదీన హొనొలూలు రేవు చేరెను. అదే సంవత్సరము మే 21వ తేదీన అచ్చటి ప్రధాన దేవాలయమున గురుపట్టము పొందెను.

కతోలిక క్రైస్తవులలో ఒక దేవాలయమును, దానిని ఆశ్రయించియుండు జనసమూహమును కలిపి విచారణ యందురు. ఆ జనుల మంచిచెడ్డలు కనిపెట్టువాడు విచారణ గురువు. హవాయి అను పెద్ద ద్వీపమున డేమియనునకు అప్పగింపబడిన విచారణ మిక్కిలి విశాలమైనది. కొండలు, లోయలు దాటి, ఒకప్పుడు గుఱ్ఱముపైనను, ఒకప్పుడు కాలినడకను పల్లెపల్లెకు పోవుచుండెను. హవాయి భాష నేర్చెను. బల్లలు కోసి, మేకులు కొట్టి, తన చేతులతోనే చిన్న దేవాలయములు కట్టెను. ఇట్లు తొమ్మిది సంవత్సరములు గడచెను.

ఆ కాలమున హవాయి ద్వీపములలో కుష్ఠురోగము వ్యాపించుచుండెను. పరదేశములనుండి వచ్చిన రోగములను తట్టుకొను శక్తి ఆ ద్వీపవాసులకు లేకుండెను. రోగమునకు మందు లేదు. అందుచే 1865లో ఐదవ కమేహమేహ రాజు పాలనమున ఒక శాసనము పుట్టెను. దాని ప్రకారము రోగులను పట్టి, మొలొకాయి ద్వీపమందలి కలవుపాపా అను ద్వీపకల్పమునకు పంపసాగిరి. 1866 జనవరిలో మొదటి రోగులు అచ్చట దిగిరి. ఆ చోటికి మూడు ప్రక్కల సముద్రము, నాలుగవ ప్రక్క సుమారు 2000 అడుగుల నిలువు కొండ. గోడలు లేని చెఱసాల అది. భార్యనుండి భర్తను, తల్లినుండి బిడ్డను వేఱుచేసి తెచ్చిరి. కొందఱు భార్యలు, కొందఱు భర్తలు మాత్రము రోగము లేకున్నను తమవారిని విడువలేక వెంట వచ్చిరి.

రోగులు తమ ఆహారము తామే పండించుకొందురని ప్రభుత్వమువారు తలంచిరి. వ్రేళ్లు పోయినవారు చేమదుంపల మడులు ఎట్లు దున్నగలరు? ఆహారము చాలక, నీరు దూరమై, గుడిసెలు గాలివానలకు ఆగక జనులు దురవస్థపాలైరి. బలవంతులు బలహీనులను దోచుకొనిరి. అయినను అచ్చట మంచి పూర్తిగా నశింపలేదు. 1866లోనే కొందఱు రోగులు ప్రొటెస్టెంటు సంఘమొకటి స్థాపించుకొని ప్రార్థనలు చేసికొనుచుండిరి. 1872లో కతోలికులకు కలవావో అను చోట కొయ్యతో చిన్న దేవాలయము లేచెను. దానికి పునీత ఫిలోమినమ్మ పేరు పెట్టిరి. దేవాలయమైతే వచ్చెను గాని, అచ్చట నిలిచియుండు గురువు లేడు.

1873 మే నెలలో మేత్రాణులైన మెగ్రేగారు తమ గురువులతో ఈ సంగతి ప్రస్తావించిరి. ఒకరినే అచ్చటికి శాశ్వతముగ పంపుటకు ఆయనకు మనసొప్పలేదు. నలుగురు యువగురువులు, వంతులవారీగ పోవుదుమని ముందుకు వచ్చిరి. మొదటి వంతు డేమియనుది. మే 10వ తేదీన మేత్రాణులు స్వయముగ వెంటవచ్చి ఆయనను రోగులకు అప్పగించి మరలిపోయిరి. డేమియను వయస్సు అప్పటికి 33 సంవత్సరములు. ఉండుటకు ఇల్లు లేనందున, దేవాలయము ప్రక్కనున్న మొగలిచెట్టు క్రింద పరుండెను. కొలదిదినములలోనే, రెండవ వంతువారిని పంపనక్కఱలేదనియు, తాను ఇచ్చటనే ఉండిపోవుదుననియు పెద్దలకు వ్రాసెను.

మొదటి దినములు ఆయనకు సుఖముగ గడువలేదు. పుండ్ల దుర్గంధమునకు తాళలేక, ఒకప్పుడు పూజ మధ్యలో బయటికి పోవలెనని తోచెడిది. ఆ వాసన నణచుటకై పొగాకు పీల్చుట అలవాటు చేసికొనెను. అయినను వారి గుడిసెలలో కూర్చుండి, పుండ్లు కడిగి కట్లు కట్టెను. వారితో ఒకే గిన్నెలో చేతులు పెట్టి చేమదుంపల అంబలి తినెను. ప్రసంగించునపుడు రోగులలో తనను కూడ చేర్చుకొని మాటలాడెను. హవాయి భాషయందును మన తెలుగునందువలె 'మేము' అను మాట వేఱు, 'మనము' అను మాట వేఱు. 'మేము' అన్నచో ఎదుటివాడు బయట నిలుచును. 'మనము' అన్నచో లోపలికి వచ్చును. శరీరమున రోగము లేని దినములలోనే డేమియను వారితో 'మనము' అనెను. వచ్చిన ఆఱు మాసములకే ఈ సంగతి అన్నగారికి లేఖలో తెలిపెను.

ఆ మాటకు వెల కూడ చెల్లింపవలసివచ్చెను. వచ్చిన కొలదికాలమునకే, ఆయన ద్వీపకల్పము విడిచి పోరాదని అధికారులు నిర్బంధించిరి. కతోలిక గురువు తానును మఱియొక గురువునొద్ద పాపసంకీర్తనము చేసికొనవలెను. ఒకనాడు పై అధికారియైన గురువు ఓడలో వచ్చెను. ఓడవారు ఆయనను దిగనీయలేదు, డేమియనును ఎక్కనీయలేదు. డేమియను చిన్నపడవలో ఓడప్రక్కకు పోయి, క్రిందినుండియే తన తప్పులను ఫ్రెంచి భాషలో బిగ్గరగ చెప్పుకొని, పైనున్న గురువునుండి క్షమాపణ పొందెను. రోగులకు లేని స్వేచ్ఛ ఇప్పుడు ఆయనకును లేకపోయెను.

భక్తితోబాటు ఆయన చేతిలో రంపము, సుత్తి ఉండెను. దూరముననున్న లోయనుండి గొట్టములద్వారా ఊరిలోనికి నీరు తెప్పించెను. 1874లో గొప్ప గాలివాన గుడిసెలను కూల్చివేయగా, అధికారులతో పోరాడి కలప సంపాదించి, నడువగల రోగులతో కలిసి గట్టి ఇండ్లు కట్టెను. తల్లిదండ్రులులేని బాలబాలికలకు వేర్వేఱు వసతిగృహములు నిర్మించి, వారికి చదువు, కుట్టుపని, వ్యవసాయము నేర్పించెను.

అన్నిటికంటె ముఖ్యముగ ఆయన మృతులను గౌరవించెను. పూర్వము అచ్చట మరణించినవారిని లోతులేని గుంటలలో పూడ్చగా, పందులు, కుక్కలు పెకలించుచుండెడివి. డేమియను శ్మశానమునకు కంచె నాటెను. బల్లలు కోసి శవపేటికలు తానే చేసెను, గోతులు తానే త్రవ్వెను. అట్లు ఆయన చేసిన పేటికలు వందలకొలదిగ ఉండెను. రోగులు ఉత్తరక్రియలకై సంఘములుగ ఏర్పడి, వాద్యములతో శవమును సాగనంపసాగిరి. తనకు కూడ ఇట్టి గౌరవము దక్కునన్న నమ్మకము కలిగినపుడు బ్రదికియున్నవారు తలయెత్తి తిరిగిరి.

ఆదివారమున దేవాలయము నిండిపోవుచుండెను. రోగము ముదిరినవారికి మాటిమాటికి ఉమ్మివేయవలసి వచ్చెడిది. అందుకు సిగ్గుపడి వారు పూజకు మానకుండుటకై, డేమియను దేవాలయపు చెక్కనేలలో అచ్చటచ్చట రంధ్రములు చేయించెను. ఆకును చుట్టి గొట్టముగ చేసి ఆ రంధ్రములో ఉంచి, వారు దానిలో ఉమ్మివేయుచుండిరి. గాయకబృందములో గొంతు పోయినవాని స్థానమున మఱియొకడు నిలుచుచుండెను. వ్రేళ్లు పోగొట్టుకొనిన వాద్యకారు లిద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి, మిగిలిన వ్రేళ్లతో ఒకే వాద్యమును వాయించిరి. 1879లో దివ్యసత్ప్రసాదము నెదుట రేయింబవళ్లు ఎడతెగక ప్రార్థించు వ్రతము పూనిరి. దేవాలయమునకు రాలేనివారు తమ వంతు సమయమున మంచముమీదనే ప్రార్థించిరి. ఎంత అశక్తునకైనను ఆ విచారణలో చేయదగిన పని ఒకటి ఉండెను. సేవలో మాత్రము డేమియను మతభేదము పాటింపలేదు. ప్రొటెస్టెంటుల గుడిసెలకును, ఏ మతము లేనివారి గుడిసెలకును సమానముగ పోవుచుండెను.

ఆయన లోపములు లేనివాడు కాడు. ముక్కోపి, పట్టుదల మిక్కుటము. కలప, మందులు, బట్టలు ఆలస్యమైనచో అధికారులను విడువక వేధించెడివాడు. సొంత మఠపు పెద్దలతోను ఆయనకు పొరపొచ్చెములు వచ్చెను. తోడివారికి ఆయనతో పనిచేయుట కష్టముగ ఉండెడిది. కాని ఆయన కోపము తన సౌఖ్యమునకై పుట్టినది కాదు.

1884 డిసెంబరులో ఒకనాడు డేమియను కాళ్లు కడుగుకొనుటకు వేడినీటిలో పాదము పెట్టెను. చర్మము బొబ్బలెక్కినను నొప్పి తెలియలేదు. స్పర్శజ్ఞానము పోవుట కుష్ఠురోగ లక్షణమని ఆయన యెఱుగును. 1885లో వైద్యుడు దానిని నిర్ధారణ చేసెను. పదునొకండు సంవత్సరములుగ పలికిన 'మనము' అను మాట శరీరమునందును సత్యమయ్యెను. ఆయన పని మానలేదు, మఱింత త్వరపడెను. తాను పోయిన పిదప ఈ జనుల గతి యేమగునన్నదే ఆయన దిగులు. 1886లో అమెరికానుండి జోసెఫ్ డట్టను వచ్చి కుడిభుజమై నిలిచెను. 1888లో మదర్ మేరియాన్ కోప్ మఠకన్యలతో వచ్చి బాలికల భారము వహించెను. ఆ దిగులు తీరెను. 1889 ఏప్రిల్ 15వ తేదీన, 49వ యేట డేమియను కన్నుమూసెను. మొదటిరాత్రులు ఏ మొగలిచెట్టు క్రింద పరుండెనో, ఆ చెట్టుక్రిందనే రోగులు ఆయనను సమాధి చేసిరి.

మరణానంతరము ఆయనను నిందించినవారును లేకపోలేదు. ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ స్వయముగ మొలొకాయి చూచివచ్చి, 1890లో ఆ నిందలకు ఘాటైన బహిరంగలేఖతో సమాధానమిచ్చెను. డేమియను మొలొకాయి చేరిన 1873లోనే నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ కుష్ఠురోగ కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1940 తరువాత మంచి మందులు వచ్చెను. సుమారు 8000 మందిని ఆ ద్వీపకల్పమునకు పంపిన పిమ్మట, 1969లో నిర్బంధ శాసనము తొలగెను. నేడు కుష్ఠురోగము సకాలమున మందు వాడినచో పూర్తిగ నయమగును. రోగిని వెలివేయుటకు కారణమే లేదు.

1936లో డేమియను భౌతికకాయమును బెల్జియమునకు కొనిపోయి లూవెన్ పట్టణమున సమాధి చేసిరి. 2009 అక్టోబరు 11వ తేదీన ఆయన పునీతుడుగ ప్రకటింపబడెను. అంతకుముందు 1995లో ఆయన కుడిచేతి అస్థులను మాత్రము మరల మొలొకాయికి తెచ్చి తొలి సమాధిలో ఉంచిరి. కట్లు కట్టినది, పేటికలు చేసినది, గోతులు త్రవ్వినది ఆ చేయియే. అది ఆ విచారణ జనుల సమాధులనడుమ నేటికిని ఉన్నది.