కాలువకు పేరిచ్చిన దొర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, తడ దగ్గర భీములవారిపాళెంలో పులికాట్ సరస్సు మీద మనుమళ్ళతో చేసిన పడవ షికారు గురించి వ్రాద్దామనుకున్నాను. తీరా కలం పట్టేసరికి మనసు రాజహంసల మీద నిలవలేదు. ఒకప్పుడు మా కొడవలూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డు వెంట సాగే బకింగ్‌హాం కాలువలో ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు వేసుకొని మద్రాసు పోయే పడవలు ఈ సరస్సు మీదుగానే వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. చిన్నతనంలో కళ్ళారా చూశాను. ఆ బకింగ్‌హాం ఎవరో మాత్రం పదవీ విరమణ చేసేదాకా తెలుసుకోలేదు.

ఆయన బకింగ్‌హాం మూడవ డ్యూక్, రిచర్డ్ గ్రెన్‌విల్. 1823లో పుట్టారు. తండ్రి ఆడంబరాలకు పోయి అప్పుల్లో మునిగారు. 1848లో వారి స్టో భవనంలోని సామానంతా వేలానికి వచ్చింది. కొడుకు కష్టపడి ఆ అప్పులు తీర్చే పనిలో పడ్డారు. 1853 నుంచి 1861 వరకు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి ఛైర్మన్‌గా, 1867-68లో వలసరాజ్యాల మంత్రిగా పనిచేశారు. 1874లో భార్య పోయారు. మరుసటి ఏడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి అయిన ఆయన మద్రాసు గవర్నరుగా వచ్చారు.

వచ్చిన ఏడాదికే వానలు మొహం చాటేశాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది అదే. 1876 నుంచి 78 దాకా లక్షలాది మంది ఆకలికి, రోగాలకు బలయ్యారు. మద్రాసు ప్రభుత్వం తానే ధాన్యం కొనబోతే, వ్యాపారంలో సర్కారు జోక్యం కూడదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అక్కడినుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల కూలిని మనిషికి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన కాస్త చిల్లరకు తగ్గించారు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించారు. తరువాత కూలి పెరిగింది. 1877 ఆగస్టులో మద్రాసులో సభ జరిపి లండనుకు తంతి పంపితే విరాళాలు వచ్చాయి. అప్పటికే ఆలస్యమైంది.

కాలువ మొత్తం ఆయన త్రవ్వించినది కాదు. 1806లో కొక్రేన్ అనే ఆయన మద్రాసు నుంచి ఎన్నూరుకు మొదలుపెట్టింది అంచెలంచెలుగా మన వైపు సాగింది. 1877-78లో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 5 మైళ్ళ ముక్కను కరువు పనికింద త్రవ్వారు. దానితో ఉత్తర దక్షిణ కాలువలు కలిశాయి. గవర్నరు పేరు మొత్తానికి నిలిచింది. ఆయన 1880లో వెళ్ళిపోయి 1889లో కన్నుమూశారు. మగసంతానం లేక డ్యూక్ బిరుదు ఆయనతోనే అంతరించింది.

ఇది చదువుతుంటే నా సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కరువు పనుల దగ్గర మస్టరు వ్రాశాను. ఒకరోజు ఒక ముసలమ్మ ఆలస్యంగా వచ్చింది. నిబంధన ప్రకారం గైర్హాజరు వేశాను. ఆమె మారుమాట్లాడకుండా సాయంత్రం దాకా మట్టి మోసింది. కూలి వేళకు వరుసలో నిలబడితే, మస్టరులో పేరు లేదని పంపేశాను. రిజిస్టరు సరిగ్గా ఉందని పై అధికారి మెచ్చుకున్నారు. టెంపుల్ దొరను తప్పుపట్టేముందు నాకు ఆమె గుర్తుకు వస్తుంది.

1965, 66 తుఫానులకు కాలువ బాగా దెబ్బతిన్నది. సరుకు లారీలకు, రైళ్ళకు మళ్ళింది. 2004 సునామీలో పొంగిన నీటిని కొంత తనలో ఇముడ్చుకొని ఊళ్ళను కాచింది. 2008లో దీన్ని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు.

చలికాలంలో పిల్లలతో పులికాట్ వెళ్ళి రండి. మీ ఇళ్ళలో కాలువ త్రవ్విన వారి పేర్లు, పడవ లాగిన వారి పేర్లు ఎవరికైనా తెలిస్తే సంఘం కార్యాలయానికి వ్రాసి పంపండి. దొర పేరు ఎటూ ఉంది, వచ్చే సంచికలో వాళ్ళ పేర్లు వేసుకుందాం.