పదహారేళ్ల జాక్

సావనీర్‌కు ఎవరైనా ప్రసిద్ధుడి జీవితం రాయమని కమిటీ మిత్రులు అడిగారు. నేను ఒక కుర్రవాడి గురించి రాస్తున్నాను. పేరు జాక్ కార్న్‌వెల్. మొదటి ప్రపంచ యుద్ధం నాడు బ్రిటన్‌లో ఆ పేరు తెలియని బడిపిల్లలు లేరు. పోయేనాటికి అతనికి పదహారు దాటి ఐదు నెలలు కూడా నిండలేదు. మన బడిలో అయితే పదో తరగతి గట్టెక్కి, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలా అని తల పట్టుకునే వయసు.

1900 జనవరి 8న లండన్ దగ్గర లేటన్‌లో పుట్టాడు. 14 ఏళ్లకే బడి మాని, బ్రూక్‌బాండ్ టీ బండి మీద సరుకులు అందించే పనిలో చేరాడు. యుద్ధం మొదలవగానే తండ్రి ఈలై సైన్యంలోకి పోయాడు. 1915లో జాక్ తండ్రి అనుమతి లేకుండానే నౌకాదళంలో చేరాడు. ఆ వయసు పిల్లల్ని ‘బాయ్’ హోదాలో తీసుకోవడం అక్కడ అప్పట్లో మామూలే. యజమానితో పాటు హెడ్మాస్టరు కూడా యోగ్యతా పత్రం ఇచ్చాడు. మన అయ్యవార్లు ఎందరికి కాండక్ట్ సర్టిఫికెట్లు రాసిచ్చారో! అందులో ఏది ఎవరిని ఎక్కడికి చేర్చిందో వాళ్లకు మాత్రం ఏం తెలుస్తుంది?

ప్లిమత్‌లో శిక్షణ అయ్యాక చెస్టర్ అనే కొత్త యుద్ధనౌక ఎక్కించారు. గ్రీసు కోసం కడుతున్న ఆ ఓడను బ్రిటన్ మధ్యలో కొనేసింది. ముందువైపు 5.5 అంగుళాల ఫిరంగి దగ్గర జాక్‌ది గురి సరిచేసే పని. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అధికారి చెప్పే అంకెలు విని, డయల్ తిప్పాలి. అంకె తప్పితే గుండు నీళ్లపాలు.

1916 మే 31 సాయంత్రం, ఉత్తర సముద్రంలో జట్లండ్ యుద్ధం. చెస్టర్ జర్మన్ యుద్ధనౌకల గుంపుకు ఎదురుపడింది. కొద్ది నిమిషాల్లోనే 17 గుండ్ల దాకా తగిలాయి. జాక్ చుట్టూ ఉన్నవాళ్లంతా కూలిపోయారు. ఛాతీలో ఉక్కు ముక్కలు దిగినా, తరువాతి అంకె కోసం అతడు ఫిరంగి దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఆ ఫిరంగిని లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రపరిచారు. నాలాంటి ఇంజనీరు చూపు ముందు దాని కవచం మీద పడుతుంది. ముందు ఉక్కు రేకు ఉంది, వెనక ఖాళీ. ఆ రేకు కూడా డెక్ దాకా దిగదు. పేలిన గుండ్ల ముక్కలు కింది సందులోంచి దూసుకొచ్చి ఎందరి కాళ్లనో తెగ్గొట్టాయి. ఆ పిల్లవాడి ధైర్యం గురించి ఎంత పొగిడినా తప్పులేదు. కానీ డ్రాయింగు బల్ల మీదే పూడ్చాల్సిన సందు అది.

జూన్ 2న గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో, తల్లి లిలీ చేరేలోపే కన్నుమూశాడు. మొదట ఉమ్మడి సమాధిలో పూడ్చారు. పత్రికలు గోల చేశాక జూలై 29న బయటికి తీసి, సైనిక లాంఛనాలతో మళ్లీ ఖననం చేశారు. సెప్టెంబరులో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ నెల 30న బడుల్లో జాక్ కార్న్‌వెల్ దినం జరిపి, పిల్లల దగ్గర ఒక్కో పెన్నీ చొప్పున పోగుచేశారు. అది వికలాంగులైన నావికుల కోసం.

అక్టోబరు 25న ఈలై జబ్బుచేసి పోయాడు. అతన్నీ కొడుకు సమాధిలోనే పెట్టారు. మూడు వారాలకు లిలీ రాజభవనానికి వెళ్లి రాజు చేతుల మీదుగా పతకం అందుకుంది. 1918లో జాక్ సవతి అన్న ఆర్థర్ ఫ్రాన్సులో యుద్ధంలో చనిపోయాడు. 1919లో లిలీ పేదరికంలోనే పోయింది. అప్పటికి ఆమెకు యాభై కూడా రాలేదు.