కీ. శే. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిరి. 1921లో సోదరు లిరువురు కొద్దిదినముల యెడముతో గ్రహణిరోగమున మడియగా, తామును ఆ రోగమునకే చిక్కి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రతికిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన ఫలముగా ఎల్.ఎం.ఎస్. అను చిన్నపట్టమే దక్కెను.

మామగారి ధనమును, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి సాహాయ్యమును ఆధారముగా 1922లో బోస్టను చేరిరి. ఈ ధర్మనిధి మాటను మా పోషకమహాశయులు ప్రత్యేకముగా చిత్తగింప గోరుచున్నాము. అచ్చట చేతిసొమ్ము చాలక, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు విద్య సాగించిరి. 1930లో హార్వర్డున డాక్టరు పట్టమును బడసిరి.

1940లో లెడర్లీ ప్రయోగశాల కేగి, సహచరులతో గూడి 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. గ్రహణిరోగులకు రక్తము పట్టించునది యిదియే. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరకినను వీ రంతటితో నాగలేదు. ల్యుకేమియా యను రక్తపుకేన్సరు కణములు ఈ ఆమ్లము లేనిదే పెరుగజాలవు. కావున దానివలె గనబడి దాని పనిని అడ్డగించు ద్రవ్యములను తమ బృందముచే చేయించిరి. వానిలో ఎమినోప్టెరినును 1947లో బోస్టనున ఫార్బరు వైద్యుడు పిల్లల కీయగా, కొందరికి కొన్ని నెలలపాటు వ్యాధి తగ్గెను. అంతకుముందు ఆ పసివారికి నమ్మదగిన మందు లేకుండెను.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, సుబ్బారావుగారు దివంగతులైరి. ఎమినోప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరునకును, దేహరక్షకశక్తి తన కీళ్లమీదనే తిరుగబడు వాతరోగమునకును వాడబడుచున్నది.