గాజుల మలారము మోసిన కైవారము తాతయ్య

చింతామణి తాలూకాలోని కైవారమున సమాధియైన శ్రీ యోగి నారేయణ యతీంద్రులను ఈ సీమ ప్రజలు బిరుదులతో పిలుచుట తక్కువ. తాతయ్య యనియే పిలుతురు. ఆయన కులమువారు మాత్రమే కాదు, ఏ చుట్టరికమును లేనివారు కూడ అట్లే పిలుతురు. ఒక పూర్వికుడు ఇన్ని పల్లెలకు తాతయ్య యగుట సామాన్య విషయము కాదు. ఆయన మొదట చిల్లర వర్తకుడని తెలిసికొన్నచో, వర్తక కుటుంబములవారికి ఈ చరిత్ర మరింత దగ్గర యగును.

నారాయణప్పగారు 1726లో కైవారమున బలిజ కుటుంబములో జన్మించిరని పెద్దలు చెప్పుదురు. తండ్రి కొండప్ప, తల్లి ముద్దమ్మ. గాజుల వ్యాపారము వారి వృత్తి. మలారము భుజమున వేసికొని ఊరూర తిరుగుట, అరుగుమీద కూర్చుండి ఆడవారి చేతికొలత చూచి గాజులు తొడుగుట ఆ వృత్తిలోని పని. తొడుగునప్పుడు గాజు పగిలిన నష్టము అమ్మినవానిదే. సొమ్ము చాలవరకు పంట చేతికి వచ్చిన పిమ్మటనే. ఇట్టి వ్యాపారములో లాభము సన్నము. గట్టిగా అడిగి వసూలు చేయనివానికి అదియును మిగులదు.

నారాయణప్పగారు అట్టివారే. లేనివారిని అడుగలేకపోయెడివారు. మనస్సు మలారముమీద కంటె గ్రామదేవుడైన అమరనారేయణస్వామి మీదనే ఎక్కువగా ఉండెడిది. ఇంట ఇబ్బంది పెరిగెను. ఇల్లాలు ఎన్నోమారులు కష్టపెట్టుకొనెనని చెప్పుదురు. ఆమెను తప్పుపట్ట పనిలేదు. భర్త దానగుణమునకు ఊరు సంతోషించుచుండగా, పొయ్యి వెలిగించు భారము ఆమెదే గదా. మహాత్ముల చరిత్రలు చదువునప్పుడు, వారి ఇంట వంట చేసినవారిని మరచుట న్యాయము కాదు.

తరువాత పరదేశిస్వామి యను గురువు ఆయనకు అష్టాక్షరీ మంత్రము ఉపదేశించెనట. ఒక గులకరాయి నిచ్చి, దానిని నోట నుంచుకొని జపము చేయుమనియు, రాయి కలకండ యైననాడు జపము ఫలించినట్లనియు చెప్పెనట. కైవారము కొండగుహలో మూడేండ్లు అట్లు గడిపిరనియు, రాయి తియ్యనయ్యెననియు భక్తుల నమ్మకము.

అది నెమ్మదియైన కాలము కాదు. హైదరాలీ, టిప్పు సుల్తానుల యుద్ధములు ఆయన చూచిన కాలముననే జరిగెను. 1791లో కారన్‌వాలిసు సేనలు దాపుననే యున్న నందిదుర్గమును పట్టుకొనెను. 1799లో శ్రీరంగపట్నము పడిపోయెను. 1831లో మైసూరు పరిపాలన ఇంగ్లీషువారి చేతికి పోయెను. ప్రభువులు మారుచుండగా ఆయన కీర్తనలు, శతకము, కాలజ్ఞానము చెప్పుచుండిరి. తెలుగులోను, కన్నడములోను చెప్పిరి. అన్నిటను అమరనారేయణుని పేరే ముద్ర. కులగర్వము వలదనియు, గురువును నమ్ముమనియు, దేహము నిలుచునది కాదనియు బోధించిరి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు నేటికిని ఎన్నో కలవు. వారికి ఆ మాటలు తమ ఇంటి పెద్ద చెప్పినట్లే యుండును.

1836లో, 110వ యేట, ఆయన కైవారముననే సజీవ సమాధి నొందిరని సంప్రదాయము. జైన గృహములలో దహనమే ఆచారము. సల్లేఖన వ్రతముతో దేహము విడిచినవారికి మాత్రము పూర్వము నిషిధి శిలలు నిలిపెడివారు. శ్రవణబెళగొళలోని చంద్రగిరిమీద అట్టివి ఎన్నో చూడవచ్చును. పద్ధతులు వేరు, నమ్మకములు వేరు. కాని పోయినవారి స్థానమును మరువరాదను తలంపు రెండింటను ఒక్కటే.

కైవారము 2007 వరకు కోలారు జిల్లాలో ఉండెను. అటుపిమ్మట చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినది. జిల్లా మారినను సమాధికి వచ్చువారు మారలేదు. ఏటేట గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవము జరుగును. గాజులమ్మిన చేతులు కూడబెట్టిన సొమ్మేమియు లేదు. ఆయన మాటలే జనుల నోట మిగిలినవి.

వర్తకుల ఇండ్లలో పాత లెక్కల పుస్తకములు భద్రముగా నుండును. ఎవరికెంత బాకీయో రెండు తరముల వెనుకటిది కూడ దొరకును. తాత తండ్రి పేరు అడిగిన మాత్రము చాలమంది తడబడుదురు. ఆయన ఏ ఊరినుండి వచ్చెను, ఏ సరుకు మోసెను, ఎక్కడ కన్నుమూసెను అను సంగతి ముసలివారితోనే పోవుచున్నది. దీపావళినాడు కొత్త పుస్తకము తెరచునప్పుడు మొదటి పుటలో పెద్దల పేర్లు, వారి ఊరు, వారి వృత్తి వ్రాసియుంచుట కష్టమైన పని కాదు. దానికి పట్టునది ఒక్క పుటయే. ఇంటి ముసలివారు ఉన్నప్పుడే వారిని అడిగి వ్రాయవలెను.