పాల చుక్కను ఆపి చూపిన మాస్టారు



తాతగారి ఫిల్మ్ కెమెరాకు ఇప్పటి ఫ్లాష్ తగిలిస్తామని మీ పిల్లలు అడిగితే, ముందు హెరాల్డ్ ఎడ్జర్టన్ గురించి చెప్పండి. పరీక్షలో ఈయన మీద ప్రశ్న రాదు. అయినా చెప్పండి.

ఆయన 1903లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలోనే కెమెరా పట్టారు. సెలవుల్లో కరెంటు కంపెనీలో పనిచేశారు. తర్వాత ఎంఐటీలో మోటార్ల మీద పరిశోధన చేశారు. తిరిగే మోటారు మీద అదే వేగంతో లైటు వెలిగి ఆరుతుంటే మోటారు ఆగినట్టు కనిపిస్తుంది. ఆ లైటునే ఆయన ఫోటోలకు వాడారు. అప్పట్లో ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగితే పారేయాల్సిందే. ఆయన ఫ్లాష్‌లో కెపాసిటర్‌లో దాచిన కరెంటు గ్యాస్ ట్యూబులోకి ఒక్కసారిగా దూకుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే మళ్లీ వెలుగుతుంది.

ఇప్పటి ఫ్లాష్ పనిచేసేదీ ఇలాగే. లోపల వందల వోల్టులు ఉంటాయి, బ్యాటరీలు తీసినా కొంతసేపు నిలిచి ఉంటాయి. కాబట్టి పాడైన ఫ్లాష్‌ను పిల్లల్ని విప్పనివ్వకండి. పాత కెమెరా మీద ఎం, ఎక్స్ అని రెండు గుర్తులుంటే ఎక్స్ పెట్టించండి. ఎం అనేది బల్బుల కోసం. బల్బు పూర్తిగా వెలగడానికి కాస్త టైం పడుతుంది గనుక షట్టర్ తెరుచుకోకముందే దాన్ని వెలిగిస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అయితే ఆలోపే వెలిగి ఆరిపోతుంది, ఫోటో నల్లగా వస్తుంది. తెర షట్టర్ ఉన్న కెమెరాల్లో డయల్ మీద ఫ్లాష్‌కు గుర్తుపెట్టిన వేగం దాటితే సగం ఫోటో చీకటే. చాలా వాటిలో అది 1/60 సెకను, కొన్నిటిలో ఇంకా నెమ్మది.

దీన్ని తిరగేసి, పాత ఫ్లాష్‌ను మీ డిజిటల్ కెమెరాకు మాత్రం తగిలించొద్దు. కొన్ని పాత ఫ్లాష్‌ల కాంటాక్టులోనే 200 వోల్టులకు పైగా ఉంటుంది. కెమెరా లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఎడ్జర్టన్ రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి రాత్రిపూట ఫోటోలు తీసే భారీ ఫ్లాష్‌లు తయారుచేశారు. తర్వాత కూస్తో బృందంతో సముద్రంలోకి వెళ్తే వాళ్లు ఆయనకు పాపా ఫ్లాష్ అని పేరు పెట్టారు. పాల చుక్క పడి కిరీటంలా లేచిన ఫోటో మాత్రం ఏళ్ల తరబడి తీస్తూనే ఉన్నారు. బాగా పేరొచ్చినది 1957 నాటిది. ఆపిల్‌ను చీల్చుకుపోయే బుల్లెట్ ఫోటో 1964లో తీశారు. నా క్లాసులో పిల్లలు కళ్లార్పకుండా చూసింది ఈ రెండే. 1990 జనవరిలో ఆయన ఎంఐటీ ఆవరణలోనే కన్నుమూశారు.