చెవులు ధారపోసిన పంతులుగారు

రాత్రి పదిన్నర దాటితే మా యాప్రాల్ సద్దుమణుగుతుంది. పగలంతా తిరిగే మిలటరీ లారీలు, నీళ్ల ట్యాంకర్లు ఆగిపోతాయి. ఎదురింటివాళ్లు టీవీ కట్టేస్తారు. అందరికీ నిద్ర ముంచుకొచ్చే ఆ వేళకే నా కుడి చెవిలో కీచురాయి మేలుకుంటుంది. పగలు కూడా అది అక్కడే ఉంటుంది గానీ, ఇంటి గోలలో కలిసిపోతుంది. నిశ్శబ్దమైతే చాలు, ఇల్లంతా తనదే అన్నట్టు అరుస్తుంది. నాలుగేళ్లుగా ఇదే వరస.

బయటికి కనిపించే జబ్బు కాదు కాబట్టి ఎవరికీ నమ్మకం ఉండదు. జ్వరమైతే చెయ్యిపెట్టి చూస్తారు, దెబ్బైతే కట్టు కనిపిస్తుంది. చెవిలో మోత ఎవరికి చూపించను? కుక్కర్ విజిల్ వచ్చిందో, చెవే కూసిందో తేల్చుకోలేక పప్పు మాడ్చిన రోజులున్నాయి. ఒకరోజు మా అమ్మాయి చాలు చాలు అంటుంటే, పాలు అంటోందనుకుని గ్లాసు పొర్లేదాకా పోశాను. కాలు, పాలు, చాలు మూడూ నాకు ఒక్కలాగే వినిపిస్తాయి. పెళ్లికెళ్లి బ్యాండుమేళం పక్కన కూర్చుంటే ఆ తర్వాత రెండు రోజులు నిద్ర ఉండదు. పరీక్ష చేసిన డాక్టరుగారు ప్రమాదమేమీ లేదు, అలవాటు చేసుకోమన్నారు. అలవాటు ఎలా చేసుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఇదంతా చెప్పుకోవడానికి కాదు ఈ వ్యాసం. పోయిన ఆగస్టులో మా అమ్మాయికి బళ్లో తెలుగు భాషా దినోత్సవానికి నాలుగు ముక్కలు రాసిచ్చే పని పడింది. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. పుస్తకాలు తిరగేస్తుంటే, ఇదివరకు ఎన్నోసార్లు చదివేసి పేజీ తిప్పేసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారనీ, క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారనీ. అంతే. ఆయన జీవితం రాసినవాళ్లు ఆ ఒక్క వాక్యం రాసి తర్వాతి సంగతిలోకి వెళ్లిపోతారు. నా చెవి బాగున్న రోజుల్లో నేనూ అలాగే వెళ్లిపోయాను.

గిడుగు వారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. శ్రీముఖలింగం దగ్గరే. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి కొడుకుకి పన్నెండేళ్లు. జ్వరం ఆ ఇంటికి కొత్త కాదన్నమాట. పిల్లవాడు విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజావారి బళ్లో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్లో ముప్పై రూపాయల జీతానికి పంతులుగా చేరారు. ఇంటి బరువు మీద పడినవాడు కాలేజీకి ఎక్కడ వెళ్తాడు? పైచదువులన్నీ ప్రైవేటుగానే పూర్తిచేశారు. చరిత్ర చెప్పే పంతులు కాబట్టి ముఖలింగం గుడి శాసనాల మీద మనసు పడింది. ఆ పాత లిపులు చదవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతకు దిగివచ్చిన సవరల మాట పర్లాకిమిడిలో చదువుకున్నవాళ్లకు అర్థమయ్యేది కాదు, నేర్చుకోవాలని ఎవరికీ తోచేదీ కాదు. ఈ పంతులుగారికి మాత్రం వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలనిపించింది. అందుకు ముందు తను ఆ మాట నేర్చుకోవాలి. పుస్తకాలా, లేవు. నిఘంటువా, లేదు. రాసుకోవడానికి లిపి కూడా లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని చెవితో నేర్చుకున్నారు. ఇంట్లో ఒక మనిషిని ఏళ్ల తరబడి ఉంచుకోవడమంటే ఆ వంటింటి మీద ఎంత పని పడి ఉంటుందో ఈ పేజీ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. జీవితచరిత్రల్లో ఆ లెక్క రాయరు.

సవర మనది లాంటి భాష కాదు. తెలుగు ద్రావిడ కుటుంబం, సవర ముండా కుటుంబం, సంతాలీకి చుట్టం. అందులో కొన్ని మాటల చివర శబ్దం బయటికి రాకుండా గొంతులోనే టక్కున ఆగిపోతుంది. మన అలవాటుతో వింటే అక్కడ ఏమీ లేదనిపిస్తుంది. ఆ ఆగిపోవడాన్ని పట్టుకోవాలంటే చెవి ఎంత పదునుగా ఉండాలి! ఆయనకు అంత పదునైన చెవి ఉండేది. ఆ చెవితోనే కొండలెక్కి ఊరూరా తిరిగారు. సవర మాటలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, అక్కడ చదువు చెప్పేవాళ్లకు జీతాలు కూడా తానే ఇచ్చారు.

ఆ కొండల్లో మలేరియా ఉంది. ఆయన తిరుగుతున్న కాలంలోనే, 1897 ఆగస్టు 20న, మా సికింద్రాబాదు పక్కన బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. బస్సులో దాని ముందునుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. దానికీ నా చెవికీ, గిడుగువారి చెవికీ ఏదో లంకె ఉందని ఎప్పుడూ అనుకోలేదు. అప్పటిదాకా ఆ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. దోమ సంగతి తెలిశాక కూడా చాలాకాలం మందు మాత్రం అదే, క్వినైన్. సింకోనా చెట్టు బెరడునుంచి తీసే చేదు మందు. దానికోసమే మద్రాసు ప్రభుత్వం నీలగిరుల్లో సింకోనా తోటలు వేయించింది.

క్వినైన్ లక్షల ప్రాణాలు నిలబెట్టింది, కాదనలేం. కానీ అది మోతాదు మీరితే ముందుగా చెవి తలుపే తడుతుంది. చెవుల్లో గుయ్యిమని హోరు, తల తిరుగుడు, వికారం, చూపు మసక, మాట సరిగ్గా వినపడకపోవడం. డాక్టర్లు దీనికి సింకోనిజం అని చెట్టు పేరే పెట్టారు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో సన్నని రోమాలున్న కణాలుంటాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు అందించేవి అవే. మందు వాటి పని చెడగొడుతుంది. మామూలుగా మందు ఆపేస్తే చెవి కుదుటపడుతుంది. అయితే కొన్ని రకాల మలేరియా క్రిములు కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తాయి. తగ్గిందనుకున్న జ్వరం తిరగబెడుతుంది. మళ్లీ క్వినైన్. కొండలెక్కడం మానని మనిషికి దోమా తప్పదు, మందూ తప్పదు. అలా ఆయన వినికిడి పోయింది, తిరిగి రాలేదు.

ఆ మందు చెవిలోకి ఏ దారిన వస్తుందో తెలిశాక నాకు అనిపిస్తుంది, చెవుడుకన్నా ముందు హోరే వచ్చి ఉంటుందని. చెవినుంచి రావలసిన శబ్దం తగ్గిపోతే మెదడు ఊరుకోదట. ఖాళీని తనే ఏదో ఒక మోతతో నింపుకుంటుందట. అందుకే వినికిడి తగ్గినవాళ్లలో చాలామందికి ఈ బాధ ఉంటుంది. సంగీతకారుడు బీథోవెన్ కూడా చెవుడు ముదరకముందే, 1801లో, రాత్రీ పగలూ చెవులు మోగుతున్నాయని స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు. ఆయన గురించి లోకం కళ్లనీళ్లు పెట్టుకుంది. మన పంతులుగారికి మనం ఒక వాక్యం ఇచ్చాం.

మరో సంగతి. ఇలా చెడిన చెవిలో మొదట పోయేవి సన్నని శబ్దాలు. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి, హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. ముఖం చూసి, పెదవులు చూసి, ముందు మాటనుంచి వెనక మాట ఊహించి బతుకు నడపాలి. సాయంత్రానికి తల బద్దలవుతుంది. ఇంట్లోవాళ్లు పరధ్యానం అంటారు, అత్తవారింట్లో అయితే పొగరు అంటారు. ఒక్క కూర్పులో ఒక్క మాట తప్పిపోతేనే నాకింత అవస్థగా ఉందే, ఒక భాష మొత్తాన్ని చెవితో ఏరి కాగితం మీద పెడుతున్న మనిషికి ఎలా ఉండి ఉంటుంది? విన్నది సరిగ్గానే విన్నానా అని ఎన్నిసార్లు మళ్లీ అడిగించుకోవాలి? అయినా ఆయన పని ఆపలేదు. 35 ఏళ్ల కృషి తర్వాత 1931లో సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించారు. మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. 1936కి సవర-ఇంగ్లీషు నిఘంటువు సిద్ధం చేశారు. అది 1938లో అచ్చయింది. కుమారుడు సీతాపతిగారు కూడా తండ్రి దారినే నడిచి సవర భాష మీద పనిచేశారు.

తెలుగువాళ్లకు ఆయన ఎక్కువగా తెలిసింది వ్యావహారిక భాషోద్యమం వల్ల. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ల ఇన్స్పెక్టరుగా ఉత్తర జిల్లాలకు వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో చెప్పే తెలుగు మరొకటి ఎందుకయిందని అతనికి ఆశ్చర్యం వేసింది. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు అప్పటినుంచి నడుంకట్టారు. పండితులు ఊరుకుంటారా? జయంతి రామయ్య పంతులుగారి లాంటి పెద్దలు ఎదురునిలిచారు. 1915లో గురజాడ పోయారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టినప్పుడు వీరేశలింగం గారు అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి. మూడు నెలలకే వీరేశలింగం గారూ కాలం చేశారు. బరువంతా గిడుగు మీద పడింది. ఆ ఏడే 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి ఒక సంవత్సరం నడిపారు. ఊరూరా సభలు, వాదాలు.

వాదమంటే నోరొక్కటే కాదు, చెవి కూడా కావాలి. అవతలివాడు ఏమన్నాడో వినబడందే జవాబెలా చెప్తాం? నలుగురు ఒక్కసారి మాట్లాడే సభ అంటే నాబోటివాళ్లకు హడల్. గిడుగు వారు దీనికి విరుగుడు కట్టినట్టే కనిపిస్తుంది నాకు. ప్రాచీన కావ్యాలనుంచి, వచనంనుంచి ప్రయోగాలు ఏరి పెట్టుకుని, వ్యావహారికం తప్పు అన్నవాళ్ల ముందు వాళ్లు మెచ్చే కవులనే సాక్షులుగా నిలబెట్టేవారు. కాగితం మీది సాక్ష్యానికి చెవితో పనిలేదు. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద పెట్టిన నిషేధం ఎత్తేసింది. 1925లో తణుకు సభలో నాలుగు గంటలపాటు అలా ప్రయోగాలు చూపిస్తూ మాట్లాడారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

ఇక్కడ నా స్వార్థం కూడా ఒకటుంది. ఆ పోరాటమే లేకపోతే మా అమ్మమ్మ తను రాసుకునే ఉత్తరాల భాష తప్పని సిగ్గుపడుతూ ఉండేది. నేను కథలు రాసేదాన్నే కాదు. వంటింట్లో మాట్లాడే మాటకు అచ్చులో చోటు దొరికింది గనక నాబోటివాళ్లు కలం పట్టారు.

ఇంట్లో నా చెవి సంగతి మెల్లిగా ఒక దారికొచ్చింది. రాత్రి టేబుల్ ఫ్యాన్ వేసుకుని పడుకుంటాను, చలికాలంలో కూడా, మొహం గోడవైపు తిప్పి. చిన్న చప్పుడు ఏదో ఒకటి ఉంటే లోపలి మోత వెనక్కి తగ్గుతుంది. పూర్తిగా మాన్పే మాత్ర ఇప్పటికీ లేదు. వినికిడి తగ్గినవాళ్లకు చెవి మిషన్ పెట్టుకుంటే హోరు కూడా కొంత నెమ్మదించవచ్చు. దాని మీదికి మనసు పోకుండా, భయపడకుండా ఉండేలా కూర్చోబెట్టి మాట్లాడి నేర్పే చికిత్స కూడా ఉంది. క్వినైన్ వాడకం ఇప్పుడు బాగా తగ్గిపోయింది. కానీ కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, పెద్ద మోతాదులో ఆస్పిరిన్ కూడా చెవికి చేటు చేస్తాయి. ఏ మందు వేసుకున్నాకైనా చెవి గుయ్యిమంటే ఇంట్లో దాచుకోకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ప్రభుత్వం ఆయనకు 1913లో బిరుదు, తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిపోయింది. తెలుగువాళ్ల ఊరు తెలుగు గడ్డమీద లేకుండా పోయిందన్న బాధతో ఆయన ఇల్లు వదిలి రాజమండ్రికి వచ్చేశారు. యాభై ఆరేళ్లు బతికిన ఊరు. చెవి సరిగ్గా లేనివాళ్లకు ఊరు మారడమంటే ఇల్లు మారడం ఒక్కటే కాదు. తెలిసిన గొంతులైతే సగం మాట వినిపించినా మిగతా సగం మనసే పూరిస్తుంది. కొత్త గొంతుల దగ్గర అది కుదరదు. డెబ్బై దాటిన వయసులో ఆయన ఆ కొత్త గొంతుల మధ్యకు వెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మా అమ్మాయి చదివిన నాలుగు ముక్కల్లో చెవుడు గురించి మూడు వాక్యాలు పెట్టాను. టీచరుగారు నిడివి ఎక్కువైందని ఒకటి కొట్టేశారు. సభ రోజున ముందు వరసలో, ఎడమ చెవి మైకు వైపు పెట్టుకుని కూర్చున్నాను. మిగిలిన రెండూ వినిపించాయి.