పండిత మధుసూదన గుప్త

వైద్యవిద్యకై యే పుస్తకములు చదువవలెనని మమ్మడుగు మన కులపు బాలబాలికలకు మేము మధుసూదన గుప్తుని చరిత్రముఁ జెప్పుచుందుము.

ఈయన వంగదేశమున హుగ్లీ మండలమందలి బైద్యబాటీలో, వైద్యులనఁబడు కులమునఁ బుట్టెను. 1830లో కలకత్తా సంస్కృత కళాశాలయందు ఆయుర్వేదాధ్యాపకుఁడయ్యెను. సుశ్రుత మాయనకుఁ గరతలామలకము. శవమును గడ్డితోఁ జుట్టి, పంజరమున నుంచి, పాఱునీట నానఁబెట్టి, ఏడు రాత్రులపై వట్టివేళ్లు మొదలగువాని కుంచెలతో మెల్లగా రాచుచు, చర్మము మొదలు ఒక్కొక్క యంగమును గన్నులారఁ జూడవలెనని అందుఁ గలదు. అయినను పండితులు శ్లోకమును వల్లించిరే కాని శవమును ముట్టరైరి. మేమును వల్లించి, వల్లింపఁజేసినవారమే.

1835లో కలకత్తాలో వైద్య కళాశాల వెలయఁగా గుప్తుఁ డందుఁ జేరెను. మఱుసటి యేఁట కులబహిష్కారమునకు వెఱవక, కత్తి చేతఁబట్టి మానవశవమును గోసెను. ఆయనతోఁ గొందఱు విద్యార్థులును బూనుకొనిరి. ఆనాఁడు ఫోర్టు విలియమున ఫిరంగులు మ్రోగెనని చెప్పుకొందురు. అది యెట్లున్నను, మాకు ఫిరంగులకంటె ఆ విద్యార్థుల చేతులే ముఖ్యము. గురువు చేయి కదలినఁగాని వారి చేతులు కదలలేదు. 1837లో విద్యార్థుల యెదుట 60 శవములు పరీక్షింపఁబడెను. మఱుసటి యేఁట 120. 1844 నాఁటికి ఏఁటికి 500లకు మించెను. ముట్టరాదనిన ఇండ్లలోని బాలురే ఆ గదికి వచ్చి చేరిరి.

గుప్తుఁడో, తన శిష్యులు వ్రాయు పరీక్షకు 1840లో తానును గూర్చుండి యుత్తీర్ణుఁడయ్యెను. హూపరను నాంగ్లేయుని శారీరగ్రంథమును సంస్కృతమునకుఁ దెచ్చెను. 1856లో గతించువఱకును బోధన విడువలేదు.